రియాద్‌కి ఫ్యామిలీతో వచ్చాం, ఇల్లు దాటి బయటికి వెళ్లలేకపోతున్నాం. మీరంతా ఎలా అలవాటు పడ్డారు?

రెండు_సూట్‌కేసులు
మా ఆయన ఉద్యోగం మీద జూన్‌లో అందరం రియాద్ వచ్చేశాం. అమ్మాయి ఆరో తరగతి, అబ్బాయి ఒకటో తరగతి. మలజ్‌లో మూడో అంతస్తులో ఫ్లాట్. నేను బెజవాడ ఎండల్లో పెరిగినదాన్ని, అయినా ఇది వేరు. పొద్దున తొమ్మిదికే బాల్కనీ గడియ ముట్టుకోలేం. కర్టెన్లు దించుకుని రోజంతా ఏసీ కింద కూర్చోవడమే. ఆయన ఏడింటికి వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. బాబుకి తరచూ ముక్కులోంచి రక్తం వస్తోంది. పాప ఫోన్లో పాత స్నేహితులతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు, "ఎప్పుడు వెళ్లిపోతాం" అని రోజూ అదే ప్రశ్న. నేను అక్కడ హైస్కూల్లో టీచర్‌ని. ఇక్కడ నా ఇఖామా (నివాస అనుమతి కార్డు) మీద పని చేయడానికి అనుమతి లేదని రాసి ఉంది.
ఆయనేమో "అలవాటవుతుందిలే" అంటారు. ఎలా అవుతుందో ఎవరూ చెప్పరు. మార్చిలో స్కూలు ఏడాది అయ్యాక పిల్లల్ని తీసుకుని వెనక్కి వెళ్లిపోవాలా, ఇంకో ఏడాది చూడాలా? ఫ్యామిలీతో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

పాతకాపు_ఒలయా
ముందు మీ టైమ్ టేబుల్ మార్చండమ్మా. ఈ ఊరు వేసవిలో రాత్రిపూట బతుకుతుంది. తొమ్మిది దాటాక ఏదైనా పార్కుకి వెళ్లి చూడండి. చాపలు, ఫ్లాస్కులు, సైకిళ్ల మీద పిల్లలు, అర్ధరాత్రి దాకా సందడే. మీరు బెజవాడ లెక్కన తొమ్మిదికి అన్నాలు పెట్టి పడుకోబెడుతుంటారు. ఊరు లేచే వేళకి మీరు నిద్రపోతే ఊళ్లో మనుషులే లేరనిపిస్తుంది. సెలవుల్లో పిల్లల్ని మధ్యాహ్నం బాగా పడుకోనివ్వండి, రాత్రి బయటికి తీసుకెళ్లండి.
ఇంకోటి, మీరు ఏడాదిలో అన్నిటికన్నా కష్టమైన నెలల్లో దిగారు. అక్టోబరు చివరికి గాలి మారుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల కిందికి పోతాయి. స్వెట్టర్లు తెచ్చుకున్నారా?

రెండు_సూట్‌కేసులు
స్వెట్టర్లా? ఒక్కటీ తేలేదు.

పప్పుచారు
ఇక్కడే కొనుక్కోండి, దొరుకుతాయి. ముందు గీజర్ ఆఫ్ చేశారా లేదా అది చెప్పండి.

రెండు_సూట్‌కేసులు
గీజర్ ఆఫ్ చేయడమేంటి? చన్నీళ్ల కొళాయిలో కూడా కాలే నీళ్లే వస్తున్నాయి. చేతులు కడుక్కోవాలన్నా భయమేస్తోంది.

పప్పుచారు
అందుకే అడిగా. డాబా మీద ట్యాంకు పగలంతా ఎండలో కాగుతుంది, ఆ నీళ్లే చన్నీళ్ల కొళాయిలోకి వస్తాయి. గీజర్ బాత్రూమ్ లోపల నీడలో ఉంటుంది కదా. స్విచ్ తీసేస్తే అందులో నీళ్లు గది చల్లదనానికి వస్తాయి. వేసవిలో ఎర్ర గుర్తున్న కొళాయి చన్నీళ్లది, నీలం గుర్తుది వేడినీళ్లది. అక్టోబరు దాకా అంతే. మా అత్తగారు వచ్చినప్పుడు ఇది నేర్పడానికి నాకు నెల పట్టింది :)

రాత్రి_డ్యూటీ
ఇక్కడ ఆస్పత్రిలో నర్సుని. బాబు ముక్కు సంగతి చెప్తాను. రియాద్ గాలిలో తేమ చాలా తక్కువ, దానికి తోడు రోజంతా ఏసీ. ముక్కు లోపలి పొర ఎండి చిట్లుతుంది. పిల్లలు వేలు పెట్టి గోకితే ఇంకాస్త ఎక్కువవుతుంది. పడుకునే ముందు సెలైన్ చుక్కలు వేసి, ముక్కు అంచులకి పల్చగా వాజెలిన్ రాయండి. గదిలో హ్యూమిడిఫయర్ పెట్టండి, లేదా తడి తువ్వాలు ఆరేయండి.
రక్తం వచ్చినప్పుడు తల వెనక్కి వాల్చకండి, గొంతులోకి పోతుంది. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. అరగంటకీ ఆగకపోయినా, ఎక్కువగా కారుతున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఎలాగూ తరచూ వస్తోంది కాబట్టి ఈఎన్‌టీకి ఒకసారి చూపించండి. కంపెనీ ఇన్సూరెన్స్‌లో కుటుంబం కూడా ఉండాలి, అది చట్టం. అంబులెన్స్‌కి 997, మామూలు సలహాకి ఆరోగ్య శాఖ వాళ్ల 937. ఈ రెండూ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఏసీ_అన్న_జగిత్యాల
అక్కా, నేను ఈ ఊళ్లో ఏసీలు బాగుచేస్తాను, మీ మలజ్‌లో కూడా చాలా ఇళ్లు తెలుసు. ఫిల్టర్ కడిగారా? రెండు వారాలకోసారి తీసి నీళ్లతో కడిగి, ఆరాక పెట్టండి. దుమ్ము రోజుల్లో వారానికోసారి. పిల్లల దగ్గు సగం అక్కడి నుంచే. కిటికీ సందులకి, తలుపు కిందికి స్పంజ్ టేప్ వేయండి, బకాలాలో (వీధి చివరి కిరాణా కొట్లో) లేకపోతే హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. అసలు ఇసుక గాలులు మార్చి నుంచి మే దాకా. మీరు అవి అయ్యాక వచ్చారు. వచ్చే ఏడు లోపే ఈ పని చేసి పెట్టుకోండి.
పద్దెనిమిదిలో పెట్టి దుప్పటి కప్పుకునే ఇళ్లు చూస్తుంటాను. ఇరవై నాలుగు చాలు. గది మరీ చల్లగా ఉంటే పిల్లలకి బయటికి రావాలని కూడా అనిపించదు.

లెక్కలరాయుడు
బిల్లు గురించి టెన్షన్ పడేవాళ్లకి: ఇళ్లకి నెలకి 6000 యూనిట్ల దాకా యూనిట్ 18 హలాలాలు (రియాల్‌కి వంద హలాలాలు), అది దాటితే 30. మీద 15 శాతం వ్యాట్. మామూలు ఫ్లాట్‌కి 6000 దాటదు. ఏసీ విషయంలో మరీ లోభం అక్కర్లేదు.

పప్పుచారు
మిక్సీ తెచ్చుకున్నారా అమ్మా? పాత బిల్డింగుల్లో 127 వోల్టుల సాకెట్లూ ఉంటాయి, 220 వీ ఉంటాయి. ఇండియా మిక్సీ 127 లో పెడితే మూలుగుతుంది తప్ప ఇడ్లీ పిండి నలగదు. 220 సాకెట్ ఏదో హారిస్‌ని, అదే బిల్డింగు వాచ్‌మన్‌ని అడగండి.

రెండు_సూట్‌కేసులు
వంటింట్లో మిక్సీ అందుకే తిరగట్లేదా! పాడైపోయిందని పక్కన పెట్టేశాను. థాంక్సండి. ఫిల్టర్ ఇవాళే కడిగాం, బకెట్ నీళ్లు మట్టి రంగుకొచ్చాయి.
ఇవన్నీ సర్దుకుంటాయి, నాకు తెలుసు. నాకు అంతుపట్టనిది ఇంకోటి. ఇంట్లో నలుగురం ఉన్నా పగలంతా నేనొక్కదాన్నే ఉన్నట్టుంది. ఎవరింటికైనా వెళ్దామంటే ఎవరూ తెలియదు. కూరగాయలకి కూడా ఆయన వచ్చేదాకా ఆగాలి.

గోదారి_గాలి
ఆ చివరి మాట దగ్గరే ఉంది అసలు సంగతంతా. నేను వచ్చిన కొత్తలో అందరూ ఎండ గురించే జాగ్రత్తలు చెప్పారు. ఎండకి ఏసీ ఉంది. ఒకరి కోసం కాచుకు కూర్చోవడానికే మందు లేదు. మీ అంతట మీరు బయటికి వెళ్లి రాగలిగిన రోజున ఈ ఊరు సగం మీదవుతుంది.
మెట్రో ఎక్కండి. 2024 డిసెంబరులో మొదలైంది, ఆరు లైన్లు, 85 స్టేషన్లు. రెండు గంటల టికెట్ 4 రియాల్స్, నెల పాస్ 140. అదే టికెట్ బస్సులకీ పనికొస్తుంది. ఫ్యామిలీలకి విడిగా పెట్టె ఉంటుంది, పిల్లలతో హాయిగా కూర్చోవచ్చు. బ్లూ లైన్ ఒలయా మీదుగా బత్తా దాకా వెళ్తుంది. బత్తాలో దిగితే కరివేపాకు, మునక్కాయలు, సోనా మసూరి, ఏది కావాలంటే అది. మొదటిసారి పాపని తోడు తీసుకెళ్లి మ్యాప్ తన చేతికివ్వండి. దారి తను చూపించాలి. మా అమ్మాయిలో మార్పు అలాగే మొదలైంది.

వరంగల్_టు_రియాద్
మెట్రో స్టేషన్ దాకా నడవాలిగా అక్కా, జులైలో? మాకు దగ్గరి స్టేషన్ పదిహేను నిమిషాల నడక. చిన్న పిల్లాడితో కుదరదు. నేనైతే డ్రైవింగ్ నేర్చుకోమంటాను.

గోదారి_గాలి
పగలు నడవమని ఎవరన్నారు? సాయంత్రం వెళ్లమంటున్నా. స్టేషన్‌కి ఫీడర్ బస్సులు కూడా ఉన్నాయి. డ్రైవింగ్ మంచిదే, కానీ దానికి టైమ్ పడుతుంది. ఇండియా లైసెన్సు ఉన్నా ఇక్కడి స్కూల్లో పరీక్ష పాసవ్వాల్సిందే. అప్పటిదాకా ఇంట్లోనే కూర్చోవాలా?

వరంగల్_టు_రియాద్
సరే, రెండూ చేయమందాం. కారు నడిపితే సాహిర్ ట్రాఫిక్ కెమెరాలతో మాత్రం జాగ్రత్త. మా ఇంట్లో జీతం మెసేజ్ కన్నా జరిమానా మెసేజే ముందొస్తుంది.

లెక్కలరాయుడు
అందరూ ఎలా ఉండాలో చెప్తున్నారు. ఉండాలా అన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేను ఇస్తాను, చేదుగా ఉన్నా. కుటుంబాన్ని ఇక్కడ ఉంచుకుంటే ప్రభుత్వానికి కట్టే ఫ్యామిలీ ఫీజు ఒక్కో మనిషికి నెలకి 400 రియాల్స్. 2017 జులైలో వందతో మొదలై ఏటా వంద చొప్పున పెరుగుతూ 2020 కి నాలుగొందలైంది. భార్య, ఇద్దరు పిల్లలంటే ఏడాదికి 14,400. స్కూలు ఫీజు, బస్సు, పెద్ద ఫ్లాట్ అద్దె, ఏటా ఊరెళ్లే టికెట్లు కలపండి. కంపెనీ ఇవి భరించకపోతే ఆయన ఒక్కరే ఉండి, మీరు పిల్లలతో అక్కడుంటే మీ టీచర్ ఉద్యోగమూ నిలుస్తుంది, డబ్బూ మిగులుతుంది. చాలా కుటుంబాలు అలాగే వెళ్లిపోయాయి, నా కళ్లముందే. మాదీ అలాంటి కుటుంబమే.

ఏసీ_అన్న_జగిత్యాల
మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. కానీ నేను ఆ లెక్క ప్రకారమే బతుకుతున్నా కాబట్టి చెప్తున్నా. నా వృత్తికి, జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. నా బిడ్డ నడక నేర్చింది వీడియో కాల్‌లో చూశాను. ఊరికి పోతే మొదటి వారం నా దగ్గరికి రాదు. మిగిలిన డబ్బుతో ఇల్లు కట్టాను, మంచి ఇల్లే. వీలు లేక దూరంగా ఉండటం వేరు. వీలుండి కూడా దూరంగా ఉండాలంటే ఒకటికి పదిసార్లు ఆలోచించుకోండి అక్కా.

లెక్కలరాయుడు
తమ్ముడూ, ఆ బాధ నాకూ ఉంది. మా వాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. నేను చెప్పేదల్లా, ఉంటే ఖర్చు తెలిసి ఉండమని. ఇఖామా రెన్యువల్ రోజున ఒకేసారి అంత కట్టమంటే ఇంట్లో గొడవలవుతాయి. అమ్మా, మీ ఆయన కాంట్రాక్టులో ఫ్యామిలీ ఫీజు ఎవరు కడతారని రాసుందో చూడండి. నోటిమాట పనికిరాదు.

రెండు_సూట్‌కేసులు
చూశాను. కాంట్రాక్టులో ఆ మాటే లేదు. ఇంటర్వ్యూలో కడతామన్నారట. ఇప్పుడు హెచ్ఆర్ "చూద్దాం" అంటోంది.

లెక్కలరాయుడు
అయితే ఈమెయిల్ పెట్టించండి, ఇవాళే. జవాబు రాతలో రావాలి. రెన్యువల్ నెలలో అడిగితే పని జరగదు. అద్దె గురించి ఒక మంచి మాట: 2025 సెప్టెంబరు చివరి నుంచి రియాద్ నగరంలో అయిదేళ్లపాటు అద్దెలు పెంచకూడదని ప్రభుత్వం ఆపేసింది. మీ అగ్రిమెంట్ ఈజార్‌లో (అద్దె ఒప్పందాల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో) నమోదైందో లేదో చూసుకోండి.

హారా_కుర్రాడు
నేను ఈ ఊళ్లో పెరిగినవాణ్ణి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. పిల్లల వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా.
నేను అయిదో తరగతిలో వచ్చాను. మొదటి కొన్ని నెలలు అమ్మతో మాట్లాడటం మానేశాను. కోపం ఎండ మీద కాదు. నన్ను అడక్కుండా తీసుకొచ్చారని. మీ పాపకి కూడా అదే అయ్యుండొచ్చు. "ఎప్పుడు వెళ్లిపోతాం" అని అడిగినప్పుడు "త్వరలో" అని చెప్పకండి. మా నాన్న ప్రతిసారీ అదే చెప్పేవారు, దాంతో నేను ఎవరితోనూ స్నేహం చేయలేదు. ఎలాగూ వెళ్లిపోతాం కదా అని. మార్చి దాకా ఉంటాం, అప్పుడు నిన్ను అడిగే నిర్ణయిస్తాం అని తేదీతో చెప్పండి. నిజంగానే అడగండి.
అప్పట్లో వారాంతం గురు, శుక్రవారాలు. 2013లో శుక్ర, శనివారాలకి మారింది. సినిమా హాళ్లు లేవు, 2018లో తెరిచారు. ఆడవాళ్లు బండి నడపడం కూడా అదే ఏడు జూన్‌లో మొదలైంది. మా అమ్మ డిగ్రీ చేసింది, పాలప్యాకెట్టుకి కూడా నాన్న కోసం చూసేది. గోదారి గాలి గారు చెప్పింది అందుకే నాకు గట్టిగా తగిలింది. మా అమ్మకి లేని దారులు మీకున్నాయి, వాడుకోండి.
నాకు బాగా గుర్తున్నవి రాత్రి పార్కులూ, డాబా మీద క్రికెట్టూ, వర్షం పడితే బడికి సెలవివ్వడమూ. తెలుగు చదవడం అమ్మ ఇంట్లో నేర్పింది. బళ్లో నేర్చుకోలేదు. మీరు టీచర్ అంటున్నారుగా, చుట్టుపక్కల తెలుగు పిల్లలుంటారు, ఆలోచించండి.

రెండు_సూట్‌కేసులు
మీ పోస్టు పాపకి చదివి వినిపించాను. "నన్ను కూడా అడగలేదు" అంది. అంతే, ఇంకేం అనలేదు. కానీ చాలాసేపు పక్కనే కూర్చుంది.

రాత్రి_డ్యూటీ
మంచి పని చేశారు.
ఇంకో విషయం. ఎవరూ అడక్కపోయినా చెప్తున్నా, ఇంటిల్లిపాదీ విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. ఇంత ఎండ ఉన్న ఊళ్లో అదేంటని అంటారు, కానీ ఎండలోకి ఎవరూ వెళ్లరు కాబట్టి ఇక్కడ అది చాలామందికి తక్కువే.

వరంగల్_టు_రియాద్
జుట్టు సంగతి కూడా చెప్పండి సిస్టర్. ఇక్కడి నీళ్లకి నాకు సగం జుట్టు రాలిపోయింది.

పాతకాపు_ఒలయా
నీళ్లని అనకండి. ఆ నీళ్లు తూర్పు తీరం నుంచి, జుబైల్ వైపు సముద్రం నీళ్లు ఉప్పు తీసి, నాలుగొందల కిలోమీటర్లకి పైగా పైపుల్లో, ఆరొందల మీటర్ల ఎత్తుకి ఎక్కించి తెస్తున్నారు. నది లేని ఊరికి అంత కష్టపడి తెచ్చిన నీళ్లు.

వరంగల్_టు_రియాద్
ఎంత దూరం నుంచి వస్తే ఏంటి సార్, నా జుట్టు రాలుతోంది కదా!

రాత్రి_డ్యూటీ
ఇద్దరూ ఆగండి. పెద్ద మార్పు, టెన్షన్, నిద్రలేమి తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు బాగా రాలడం మామూలే. కొత్తగా వచ్చినవాళ్లందరికీ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది కాబట్టి నింద నీళ్ల మీద పడుతుంది. చాలామందికి మళ్లీ దానంతటదే వస్తుంది. ఐరన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి. ట్యాంకులు కడిగి ఎన్నాళ్లయిందో మాత్రం హారిస్‌ని అడగాల్సిందే.

గోదారి_గాలి
@రెండు_సూట్‌కేసులు, ఉద్యోగం మీద ఆశ వదలకండి. డిపెండెంట్ ఇఖామా మీద ఉన్న ఆడవాళ్లు ప్రైవేటు స్కూళ్లలో అజీర్ అనే తాత్కాలిక పని పర్మిట్ మీద పాఠాలు చెప్పడం నేను చూశాను. పర్మిట్ స్కూలు వాళ్లే తీసుకోవాలి. అది లేకుండా క్లాసులోకి అడుగు పెట్టకండి, జరిమానా, ఇంకా పెద్ద ఇబ్బందులూ వస్తాయి. డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించుకుని వచ్చారా? 2022 డిసెంబరు నుంచి సౌదీ దాన్ని ఒప్పుకుంటోంది, ఎంబసీ ముద్రల కోసం తిరిగే పని తగ్గింది.

రెండు_సూట్‌కేసులు
పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లకి చేయించాం. నా డిగ్రీకి చేయించలేదు. మా తమ్ముడితో పని మొదలుపెట్టిస్తాను.

పప్పుచారు
తమ్ముడితోనో ఎవరితోనో పార్సిల్ తెప్పించుకుంటే మాత్రం గసగసాలు వద్దని గట్టిగా చెప్పండి. ఇక్కడ అవి మాదకద్రవ్యాల కింద లెక్క. కూర పొడిలో కలిపినా సరే వద్దు. ప్రేమగా మసాలా కొట్టి పంపే అమ్మమ్మలకి ఇది ముందే చెప్పాలి. నిద్రమాత్రలు, ఘాటైన నొప్పి మాత్రలు కూడా చీటీ, అనుమతి లేకుండా తేకూడదు.

హారా_కుర్రాడు
ఇది నిజం, నవ్వులాట కాదు. ఎయిర్‌పోర్ట్‌లో తెలియదంటే వినరు.

రెండు_సూట్‌కేసులు
స్కూళ్లు తెరిచాక మళ్లీ రాస్తున్నా, అడిగినవాళ్లున్నారు కాబట్టి. బాబుకి రక్తం రావడం బాగా తగ్గింది, ఈఎన్‌టీ కూడా పొడి గాలే కారణమన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి పార్కుకి వెళ్తున్నాం. స్కూలు రోజుల్లో కుదరదు కాబట్టి గురు, శుక్రవారాలు మాత్రమే. ఆదివారం ఇక్కడ పనిదినం కావడంతో అమ్మవాళ్లతో తీరిగ్గా మాట్లాడేది ఇప్పుడు శనివారాలు. అక్కడ రెండున్నర గంటలు ముందు కాబట్టి రాత్రికి ఆగకుండా మధ్యాహ్నమే చేస్తున్నాం.
బత్తాకి మెట్రోలో వెళ్లొచ్చాం. దారి పాపే చూపించింది, నన్ను మాట్లాడనివ్వలేదు. పై అంతస్తులో మలయాళీ అమ్మాయి ఒకర్తి తన క్లాసే అని అప్పుడే తెలిసింది, ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తున్నారు. వెళ్లిపోదామన్న మాట మానలేదు, కానీ రోజూ అనట్లేదు.
హెచ్ఆర్ నుంచి ఈమెయిల్ జవాబు వచ్చింది, ఫీజులో సగం కంపెనీ కడుతుందట. మిగతా సగం మేం చూసుకుంటాం. మార్చిలో పాపని కూర్చోబెట్టుకుని నిర్ణయిస్తాం. నా మనసు మాత్రం ఇప్పటికి ఉండటం వైపే ఉంది.

లెక్కలరాయుడు
సగమైనా రాతలో వచ్చింది, మంచిది. ఆ ఈమెయిల్ ప్రింట్ తీసి దాచండి.

ఏసీ_అన్న_జగిత్యాల
చాలా సంతోషం అక్కా. మార్చికి ముందు టేప్ వేయించుకోవడం మర్చిపోకండి.

వరంగల్_టు_రియాద్
బతుకమ్మకి ఎవరింట్లో చేస్తున్నారు? ఇక్కడ తంగేడు ఎక్కడా దొరకట్లేదు, పోయినసారి చామంతులతోనే పేర్చాం. బెజవాడ వాళ్లైనా సరే, రండి.

రెండు_సూట్‌కేసులు
తప్పకుండా వస్తాం. పేర్చడం మీరే నేర్పాలి.

గోదారి_గాలి
నవంబరులో ఓ గురువారం రాత్రికి ఇస్తిరాహా (అద్దెకిచ్చే విడిది ఇల్లు) తీసుకుందామని మా నాలుగు కుటుంబాలు అనుకుంటున్నాం. లాన్ ఉంది, పిల్లలకి ఆడుకునే చోటుంది, వంటకి పొయ్యిలు వాళ్లవే. అద్దె తలా కొంచెం పంచుకుంటాం. రావాలనుకునేవాళ్లు పెద్దలెందరు, పిల్లలెందరు అని నాకు మెసేజ్ పెట్టండి. ఏసీ అన్నా, నువ్వూ రావాలి, ఒక్కడినే అని ఆగొద్దు. @పప్పుచారు, చారు నీదే. యాభై మందికి సరిపడా చెయ్యి.

పప్పుచారు
గిన్నె ఎవరైనా ఇస్తే చేస్తా. నా దగ్గర పెద్దది ఇరవై మందికే.

ఏసీ_అన్న_జగిత్యాల
మా రూమ్‌లో పెద్ద గిన్నె ఉంది, తెస్తా. శుక్రవారం పొద్దున డ్యూటీ లేదు, ఎంత ఆలస్యమైనా ఉంటా.